తువ్వాలు కింద అంకె

కేబులు నిన్న రాత్రి ఎలక కొరికేసింది.
ఎలకను తిట్టి లాభం లేదు,
దామలచెరువు మండీలో అది
నాకంటే పాత గుమాస్తా.

ఫోన్లో నూట పన్నెండు చీటీల ఫోటోలు,
రైతులవి కొన్ని, కొన్నోళ్ళవి కొన్ని.
లాప్‌టాప్‌లో ఖాళీ లెక్క.
మధ్యన జానెడు బల్ల,
బల్ల మీద చల్లారిన టీ,
దెబ్బ తగిలిన బేనీషా ఒకటి.

బొటనవేలు ఆనిస్తే ఫోను తెరుచుకోదు.
మామిడి సొన కాల్చిన వేలు
నాది కాదంట దానికి.
నాలుగంకెలు కొట్టి లోపలికి పోయినా.
వెతుకు, అన్నా.

గాలిలో ఎవురెవురు ఉండారో చూడండి:
వెంకటాద్రి లారీ సర్వీస్,
జ్యూస్ ఫ్యాక్టరీ గేటు స్పీకర్,
రెడ్‌మి, రెడ్‌మి, ఇంకో రెడ్‌మి,
ఎవురి చెవిలోదో బుజ్జి బడ్స్,
అన్నిటికీ కింద నా లాప్‌టాప్:
'దొరస్వామి డీటీపీ, పీలేరు.'

తిరుపతిలో పాతవి అమ్మే అంగట్లో
తొమ్మిది వేలకు కొన్నా దీన్ని.
పేరు మార్చడం రెండు నిమిషాల పనమ్మా, అన్నాడు అంగడాయన.
మూడు కాపులు అయిపోయినాయి.
దొరస్వామి ఎవురో నాకు తెలీదు.
పెండ్లిపత్రికలు కొట్టినోడేమో,
'శ్రీ' పడే మీట ఒక్కటే అరిగిపోయుండాది.

జత కలపమంటావా, అనింది ఫోను.
కలుపు.
రెండు తెరల మీదా ఒకే తూరి లేచినాయి ఆరంకెలు:
నాలుగు సున్నా ఏడు, ఒకటి తొమ్మిది రెండు.
ఈడా అవే. ఆడా అవే.
ఇవి రెండూ ఒకటేనా, చూసి చెప్పు, అనింది.

ఎదురుగా మునిచంద్రప్ప.
రెండు టన్నుల తోతాపురి దించి
తన చీటీ ఎప్పుడు లెక్కకెక్కుతుందా అని నిలబడుండాడు.
"ఏం పాపా, తీగ లేకుండానే మాట్లాడుకుంటాయా అవి?"
"మాట్లాడుకుంటాయి తాతా."
"మొదట ఏమనుకుంటాయి?"
"అంకె చూపించుకుంటాయి.
రెండు పక్కలా అదే ఉంటేనే నమ్మకం."

ఆయన కొంచేపు ఏమీ అనలా.
బయట బేరం జరగతా ఉంది.

మా ఓనరూ కొనేవాడూ ఎదురెదురు నిలబడి
చేతుల మీద ఒక తువ్వాలు కప్పుకుంటారు.
తువ్వాలు కింద వేళ్ళు.
చూపుడువేలు పట్టుకుంటే ఒక లెక్క,
నాలుగూ కలిపి నొక్కితే ఇంకో లెక్క,
కణుపు గిల్లితే అర్ధరూపాయి.
మొహాలు మాత్రం
వానొస్తుందా రాదా అన్నట్టు మోడాల వైపు.
తువ్వాలు తీసేసరికి ధర తెగిపోయుంటాది.
కాయ పండించినాయనకు ఒక అంకె వినిపిస్తారు.
లోపల ఉన్నిందీ అదేనా అని
ఎవురూ అడగరు.
నేనూ అడగలా, మూడు కాపులు.

అవును, అని నొక్కినా.
చీటీలు బయల్దేరినాయి,
జానెడు దూరం, గాలిలో,
మెట్లదారిన కొండెక్కే ముసలోళ్ళ మాదిరి
ఆగి, ఊపిరి పీల్చి, మళ్ళీ ఆగి.
పదిహేడు. పద్దెనిమిది.
కరెంటు పోయింది, ఫ్యాను నిలిచిపోయింది,
అవి నిలవలా.

నలభై మూడు మునిచంద్రప్ప చీటీ.
నలభై నాలుగు ఆ కాయే కొన్నాయన చీటీ.
ఎప్పుడూ వీటిని రెండు వేరే వేరే పుస్తకాల్లో ఎక్కిస్తా.
పక్కపక్కన పెట్టమని ఎవురూ చెప్పలా,
పెట్టొద్దని కూడా చెప్పలా.
ఈరోజు వాటంతట అవే
ఒకదాని పక్కన ఒకటొచ్చి కూచున్నాయి.
అదే లారీ. అదే తూకం.
దీంట్లో ఆరున్నర.
దాంట్లో ఎనిమిది.

బయట ఓనరు గొంతు వినిపిస్తా ఉంది.
నా జీతం పన్నెండు వేలు.
బేనీషా మీద ఈగ వాలింది, తోలినా,
మళ్ళీ వాలింది.

లాప్‌టాప్‌ను బల్ల మీద మెల్లగా తిప్పినా,
తెర ఆయన వైపుకు వచ్చేదాకా.

"ఇవి రెండూ ఒకటేనా తాతా,
చూసి చెప్పు."

కండ్లద్దాలు తుడుచుకోడానికి
మునిచంద్రప్ప
భుజం మీది తువ్వాలు తీసినాడు.